పోలయ్య వేయని చాటింపు

ఇన్నేళ్లుగా ఒక మనిషి గొంతు నా ఇంటి అటక మీద పెట్టుకుని బతుకుతున్నాను. పాత బిస్కట్ల డబ్బా, అందులో ఒక క్యాసెట్టు. ఎంత బరువుంటుంది? అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. కానీ మా ఆవిడ అటక సర్దుదామని స్టూలు వేసినప్పుడల్లా పరుగున వచ్చి ఆ స్టూలు పట్టుకుంటాను. "నువ్వు దిగు, నేను తీస్తాను" అంటాను. ఇంట్లో పుల్ల తీసి పక్కన పెట్టని మనిషికి ఆ ఒక్క పని మీద ఇంత ఉత్సాహం ఎందుకో ఆవిడకి ఇప్పటికీ అంతుబట్టలేదు.

ఆవిడకి చెప్పనిది మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. దీన్ని ధైర్యం అనొచ్చా? ఆ సంగతి మీరే చివర్లో తేల్చండి.

నా పేరు తెలియకపోయినా, విశాఖపట్నంలో ఉంటే నా గొంతు మీరు వినే ఉంటారు. పొద్దున్నే వీధుల్లో తిరిగే బళ్లలో, బట్టల కొట్ల ముందు, ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్ల ఆటోల్లో "సీట్లు కొన్నే ఉన్నాయి, త్వరపడండి" అని జనాన్ని కంగారుపెట్టేది నేనే. గొంతు అద్దెకిచ్చుకుని సీతమ్మధారలో ఫ్లాటు కొనుక్కున్నవాణ్ని. అయితే ఈ గొంతు ఒకప్పుడు అద్దెకి కాదు, ఊరికే ఇచ్చిన రోజులున్నాయి. ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఉల్లిపాయల వాసన వస్తుంది.

ఎందుకంటే మా పార్టీ ఆఫీసు వన్ టౌన్‌లో ఒక ఉల్లిపాయల గోడౌను మీది మేడ. మెట్లు ఎక్కేలోపు కళ్లమ్మట నీళ్లు కారేవి. కొత్తగా వచ్చినవాళ్లు "ఎవరైనా పోయారా అండీ?" అని అడిగేవారు. చిన్న పార్టీ. ఎన్నికల్లో డిపాజిట్టు దక్కేది కాదు, దక్కదని ముందే తెలుసు కాబట్టి పెద్దగా బాధా ఉండేది కాదు. ఎక్కడ కుళాయి ఎండిపోయినా అక్కడ మేం తేలేవాళ్లం. అందుకని పెద్ద పార్టీలవాళ్లు మమ్మల్ని 'కుళాయి పార్టీ' అని వెక్కిరించేవారు. మేం దాన్నే బిరుదు చేసుకున్నాం.

మా నగర కార్యదర్శి శేషగిరి గారు. బక్కపల్చటి మనిషి, ఎండైనా వానైనా చంకలో గొడుగు, కాళ్లకి టైరు చెప్పులు. ఉపన్యాసం ఇవ్వాలని ఎగబడే కుర్రాళ్లని చూస్తే ఆయనకి నవ్వు. "ముందెళ్లి వాళ్ల బిందెల వరసలో నువ్వూ ఒక బిందె పెట్టుకు నిలబడవయ్యా. నీ వంతు వచ్చేసరికి ఏం మాట్లాడాలో అదే తెలుస్తుంది" అనేవారు. నేను నిజంగానే నిలబడ్డాను. మాది విజయనగరం వైపు వ్యవసాయం కుటుంబం. సిటీకి ఏదో ఒక ఉద్యోగానికని వచ్చి, నా గొంతు చూసి ఆయన చేరదీస్తే ఆ మేడ మీదే ఉండిపోయాను.

ఎన్ని ఊళ్లు తిరిగామో. ఆనందపురం అవతల పల్లెలకి బస్సు వేయమని, రేషన్ బియ్యంలో రాళ్లు ఏరమని, శ్మశానానికి దారి విడవమని. మైదాపిండి జిగురు మేమే ఉడకబెట్టుకుని పోస్టర్లు అంటించేవాళ్లం. ఆకలేస్తే ఆ జిగురు వంకే చూసిన రోజులు కూడా ఉన్నాయి. పల్లెల్లో బడి వరండాల్లో పడుకుంటే పొద్దున్నే ఎవరో ఒక తల్లి చోడి అంబలి, పచ్చి ఉల్లిపాయ తెచ్చి ముందు పెట్టేది. "ఓట్లు మీకెయ్యం గానీ, తిండి తినండి బాబూ" అని ఒకావిడ అంది. అంత నిజాయితీ గల ఓటరు నాకు మళ్లీ తగల్లేదు. ఇప్పటి ప్రచారాలు చూస్తుంటే ఆ అంబలి రుచి నాలిక మీదికి వస్తుంది. మనం చేసేది న్యాయం, మన వెనక ఉన్నది న్యాయం, ముందున్నది న్యాయం అని నమ్మకం. అంత నమ్మకం ఉన్నవాడు ఎంత ప్రమాదకరమైన మనిషో అప్పుడు నాకు తెలియదు.

పార్టీకి ఒక పాత ఆటో ఉండేది. ముందొక హారను, వెనకొక హారను, సీటు కింద బ్యాటరీ, పక్కన టేప్ రికార్డరు. ఒక చేత్తో తోలుతూ రెండో చేత్తో మైకు పట్టుకునేవాణ్ని. ఆ ఆటోలోనే నాకు పోలయ్య దొరికాడు.

రేవుకి దగ్గర్లో సముద్రం ఒడ్డున ఒక జాలరిపల్లె. పేరు చెప్పను. ఆ ఊళ్లో పెద్దలు ఏం తీర్మానించినా చాటింపు పడ్డాకే అది చెల్లుతుంది. చాటింపు వేసే హక్కు పోలయ్య ఇంటిది. తాత వేశాడు, తండ్రి వేశాడు, తరవాత పోలయ్య. దీపాలు పెట్టే వేళకి డప్పు భుజానికి తగిలించుకుని ప్రతి సందు మొదట్లో నిలబడి వాయించి, పెద్దల మాట ముమ్మారు చెప్పేవాడు. రేపు వేట లేదని చాటింపు పడితే ఇక ఎంతటి మొనగాడైనా పడవని నీళ్లలోకి తొయ్యడు. తోస్తే తప్పు కట్టాలి. అంతకన్నా, ఊరి ముందు తలెత్తుకోలేడు. అంత బలం ఆ మాటకి. అందుకే చాటినవాడు చివర తన పేరు చెప్పుకోవాలని నియమం. మాట పెద్దలది, పూచీ చాటిన నోటిది.

"అహో... యినండహో... పెద్దల మాటహో... పోలయ్య నోటహో..."

ఆ 'హో' దగ్గర గొంతు పైకి లేచి, విరగకుండా అలా దిగేది. మైకు లేకుండా అంత దూరం వినబడే గొంతు నేను మరొకటి వినలేదు. నాది నేర్చుకున్న గొంతు, అతనిది పుట్టుకతో వచ్చింది. మేం అక్కడ నీళ్ల కుళాయిల కోసం తిరుగుతున్న రోజుల్లో అతనికి మోకాలు పట్టేసింది. కుంటుతూ సందులన్నీ తిరుగుతుంటే చూడలేక, ఎక్కు బావా అని ఆటోలో కూర్చోబెట్టాను. వరస ఏమీ లేదు, మా వైపు మగవాళ్ల మధ్య అది మామూలు పిలుపు. అతను నాకన్నా పదేళ్లు పెద్దే అయినా ఇద్దరం ఒకరికొకరం బావే అయిపోయాం. మొదటిసారి మైకు చేతికిస్తే పామునిచ్చినట్టు దూరంగా పట్టుకున్నాడు. చాటింపు మొదలుపెట్టి, హారన్లోంచి తన గొంతు తనకే వినబడేసరికి ఆపేశాడు. "ఇదేటి బావా, నా గొంతు నా కన్నా ముందెలిపోతంది!" అన్నాడు. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

అప్పట్నుంచీ ఊరి చాటింపు మా ఆటోలోంచే పడేది. ముందు నేను కుళాయిల సంగతి చెప్పేవాణ్ని, తరవాత అతను పెద్దల మాట చెప్పేవాడు. అయ్యాక వాళ్లింటికి వెళ్తే అతని భార్య దేవుడమ్మ చేపల పులుసు పోసేది. "మీ ఇద్దరి నోల్లూ పార్టీకీ ఊరికీ ఇచ్చీనారు, మాట్లాడ్డానికి ఇంటికేటీ మిగల్నేదు" అని దెప్పేది. ఆవిడని అప్పా అని పిలిచేవాణ్ని, అక్కని మేం అలాగే అంటాం. ఆ ఇసకలో, ఆ పులుసు ముందు కూర్చున్న సాయంత్రాలకి మించిన సుఖం నేను మళ్లీ ఎరగను. ఒక అమ్మవారి పండగ ముందు అతని చాటింపుని టేపులో రికార్డు చేసుకున్నాను. ఇష్టంతోనే చేశాను సుమండీ. ఇది మాత్రం నమ్మండి. ఒక మంచి గొంతు గాలికి పోకూడదనే చేశాను.

ఇక బొగ్గు సంగతి. రేవు వైపు బొగ్గు గుట్టలు పోసేవారు. గాలి ఇటు తిరిగితే ఆ ధూళి అంతా పల్లె మీద పడేది. ఆడవాళ్లు ఇసకలో ఆరబెట్టిన చేపలు సాయంత్రానికి నల్లగా అయిపోయేవి. కడిగితే పాడవుతాయి, కడక్కపోతే కొనేవాడు లేడు. దేవుడమ్మ ఒక చేపని వేలితో తుడిచి, నల్లబడ్డ వేలు శేషగిరి గారికి చూపించింది. ఆయన జేబురుమాలు తీసి ఆ వేలు తుడిచి, ఆ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. దాన్ని పట్టుకుని ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో. గుట్టల మీద టార్పాలిన్ పట్టాలు కప్పాలి, చేపలు ఆరబెట్టుకోడానికి పైకప్పున్న సిమెంటు దిమ్మ కట్టించాలి. ఇదీ మా కోరిక. ఎవరూ వినలేదు. చివరికి ఊరు ఊరంతా నడిచి వెళ్లి కలెక్టరాఫీసు ముందు కూర్చోవాలని నిర్ణయించాం.

కానీ ఏటా ఎండాకాలంలో సర్కారు పెట్టే వేట నిషేధం అప్పటికి ఎత్తేసి కొద్దిరోజులే. పడవలు అప్పుడప్పుడే నీళ్లు చూస్తున్నాయి. మగవాళ్లని ఆ రోజు వేట మానమంటే పెద్దలు ఒప్పుకోలేదు. "ఆడోల్లని పంపుతాం. పడవలు మాత్రం ఆపం. ఇన్నాల్లూ పొయ్యిలు ఆరిపోయున్నాయి బాబూ" అన్నారు. న్యాయమే. కానీ ఆడవాళ్లు మాత్రమే వస్తే పేపర్లో మూలన నాలుగు లైన్లు పడతాయని మాకు అనుభవం. శేషగిరి గారు మేడ మెట్ల మీద నన్నాపి, "ఈసారి ఊరంతా కదలాలయ్యా. ఇంక నీదే పూచీ" అని భుజం తట్టారు. ఆయన అన్నది అంతే. మిగతాది నేనే చేశాను. ఆయన మీదికి తోసెయ్యాలని నా మనసు చాలాసార్లు చూసింది, అందుకే ముందే చెప్పేస్తున్నాను.

పండగ చాటింపు టేపు తీశాను. "రేపు తెల్లారి అమ్మోరి పండగహో, యేట నేదహో, పడవ దిగితే తప్పహో." పూర్ణా మార్కెట్ దగ్గర తెలిసిన రికార్డింగ్ కొట్లో రెండు టేపులు పక్కపక్కన పెట్టి, 'అమ్మోరి పండగహో' అన్న ముక్క ఎగరగొట్టాను. చేతికి అలవాటైన పని, టీ చల్లారేలోపు అయిపోయింది. ఎందుకైనా మంచిదని తయారుగా ఉంచాను, వాడాలని కాదు. అలా అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? వాడాలని లేనివాడు అమ్మవారిని ఎందుకు కత్తిరిస్తాడు?

ముందురోజు సాయంత్రం పోలయ్యని వెతుక్కుంటూ ఒడ్డుకి వెళ్లాను. బతిమాలి చూద్దామనుకున్నాను. పెద్దలు చెప్పకుండా అతను చాటింపు వెయ్యడని తెలిసే వెళ్లాను. ఎవరి పడవకో మంచి వేట పడిందట, తాగించారట. ఒడ్డుకి లాగిన పడవ పక్కన, ఇసకలో, డప్పు తలకింద పెట్టుకుని ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నాడు. నోటి చివర ఇసక అంటుకుని ఉంది. కాసేపు అక్కడే నిలబడ్డాను. తుడుద్దామని వంగి, లేస్తాడేమోనని మానేశాను. మీకిది చిన్న విషయంగా కనబడొచ్చు. నాకు మాత్రం ఆ వంగడం, ఆ మానడం ఇప్పటికీ కళ్ల ముందే ఉంటాయి.

ఆటోకి రెండు వైపులా మర్నాటి ఊరేగింపు బ్యానర్లు కట్టి ఉన్నాయి. లోపల ఎవరున్నారో బయటికి కనబడదు. ఇళ్లలో దీపాలు వెలుగుతున్నాయి, ఆడవాళ్లు పొయ్యిల దగ్గర ఉన్నారు. టేపు పెట్టాను. ప్రతి సందు మొదట్లో ఆపి వినిపించాను. చాటింపు అలవాటు ప్రకారం ముమ్మారు. "పోలయ్య నోటహో" అన్న ప్రతిసారీ బ్యానరు సందులోంచి వీధి వంక చూశాను. ఎవరూ బయటికి వచ్చి చూడలేదు. ఎందుకు చూస్తారు? ఆ గొంతు తాతల నాటినుంచీ అబద్ధం చెప్పలేదు.

పెద్దలైనా ఆపలేదేం అంటారేమో. అదీ చెబుతాను. ఒక పెద్ద మరో పెద్ద చెప్పి ఉంటాడనుకున్నాడు. అతను ఇంకొకాయన చెప్పి ఉంటాడనుకున్నాడు. చాటింపు పడ్డాక అడగడం మర్యాద కాదని అందరూ ఊరుకున్నారు. అలా జరుగుతుందని నేను లెక్కేసుకున్నాను కూడా. ఊరిని అంతగా ప్రేమించాను కాబట్టే దాన్ని ఎక్కడ పట్టుకుంటే వంగుతుందో నాకు తెలిసింది.

మర్నాడు నా జీవితంలో అన్నిటికన్నా గొప్ప రోజు. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం నిజమే. వేట లేకపోవడంతో మగవాళ్లు కూడా భుజాల మీద తెడ్లు పెట్టుకుని నడిచారు. ఆడవాళ్లు తట్టల నిండా నల్లబడ్డ చేపలు నెత్తిన పెట్టుకుని నడిచారు. వన్ టౌన్ సందుల్లోకి వచ్చేసరికి ఆటోలు ఆగిపోయాయి. హోల్‌సేల్ కొట్ల వాళ్లు మజ్జిగ కుండలు బయటపెట్టారు. మేడల మీద బట్టలారేసుకుంటున్నవాళ్లు చేతులూపారు, వాళ్ల బట్టల మీదా అదే బొగ్గు మరి. నేను మైకులో అరుస్తుంటే ఆ సందు గోడలు తిరిగి అరిచాయి. శేషగిరి గారు గొడుగు తెరవడం మరచిపోయి ఎండలోనే నడిచారు. కలెక్టరాఫీసు ముందు ఆడవాళ్లు తట్టలు దించి, చేపలు గేటు పొడవునా పరిచారు. ఒక పెద్ద అధికారి కిందికి దిగి వచ్చి, ఒక చేపని చేత్తో పట్టుకుని, తన వేళ్లు చూసుకున్నాడు. తరవాత ఒడ్డుకి వచ్చాడు. తరవాత దిమ్మ వచ్చింది, కప్పు వచ్చింది, గుట్టల మీద పట్టాలూ వచ్చాయి. ఇవాళ్టికీ ఆ దిమ్మ మీద చేపలు ఆరుతున్నాయి.

ఆ నడకలో పోలయ్య కూడా ఉన్నాడు. డప్పు వాయించకుండా పట్టుకుని నడుస్తున్నాడు. "బాగా ఏసినావురా" అని ఎవరో వీపు మీద చరిస్తే వెర్రి నవ్వు నవ్వాడు. జనం మీదుగా నాకోసం చూశాడు. నేను ఆటో ముందుకి పోనిచ్చాను.

కానీ ఆ రోజే పక్క ఊరి పడవలు కానాగంత చేపల గుంపు మీద పడ్డాయి. వలలు చినిగేలా పడ్డాయట. మా వాళ్లు నినాదాలిచ్చి గొంతు పోయి ఇంటికొచ్చేసరికి, పక్క ఊరి ఒడ్డున చేపలు కుప్పలు పోసి ఉన్నాయి. అప్పుడు మొదలైంది అడగడం. వేట ఆపమని ఎవరు చెప్పారు? పెద్దలు ఒకరినొకరు అడిగి చూశారు. ఎవరూ చెప్పలేదు. అయితే చాటింపు ఎవరు వేశారు? అది మాత్రం ఊరందరికీ తెలుసు.

ఆ మర్నాటి సాయంత్రం రామకోవెల ముందు కూర్చున్నారు. నన్నూ పిలిచారు, ఆటో తోలేది నేనే కాబట్టి. పోలయ్య మధ్యలో నిలబడి "నానెయ్యనేదు" అన్నాడు. ఒక పెద్దాయనకి కోపం వచ్చింది. "మాం సెవిటోల్లమేట్రా? ఆకరికి నీ పేరు కూడా సెప్పుకున్నావు కదరా!" అన్నాడు. పోలయ్య డప్పు మీద చెయ్యి వేసుకున్నాడు. "తాగున్నాను పెద్దా. పడవ కాడ తొంగున్నాను. అంతే గేపకం" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు అతను నా వైపు తిరిగాడు. ఆ మొహంలో అనుమానం లేదు. ఉంటే ఎంత బాగుండేది! సాయం అడుగుతున్న మొహం అది.

"బావా, నువ్వు సెప్పు. ఆ సాయంత్రం ఆటోలో నానున్నానేటి?"

ఏం చెప్పాలి? నిజం చెబితే పార్టీ పోతుంది. దిమ్మ పోతుంది. శేషగిరి గారి రుమాలు పోతుంది. ఇవన్నీ ఆ క్షణంలో తోచాయని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ఆ క్షణంలో నాకు తోచింది ఒక్కటే. వీళ్లందరూ నన్ను చూస్తున్నారు.

"ఉన్నావు బావా."

"నానే ఏసినానా?"

"నువ్వే ఏసినావు."

పోలయ్య తల ఊపాడు. నెమ్మదిగా, పాఠం అర్థమైనవాడిలా. "అయితే ఏసే ఉంటాను. బావ అబద్దం సెప్పడు" అన్నాడు. పెద్దలు ఏమీ అనకముందే డప్పు భుజం మీంచి తీసి, కోవెల మెట్టు మీద పెట్టి, దానికి దణ్ణం పెట్టాడు. తాతల నాటి హక్కు అలా అక్కడ దిగిపోయింది. తరవాత నా దగ్గరికి వచ్చి, తాగి నీ బండికి చెడ్డపేరు తెచ్చీసినాను, ఏటీ అనుకోకు బావా అని నా చేతులు పట్టుకున్నాడు. అవును. అతనే నన్ను క్షమించమన్నాడు. నేను క్షమించాను కూడా.

ఒక మనిషి సొమ్ము కాజేస్తే తిరిగి ఇవ్వొచ్చు. నేను అతని జ్ఞాపకం కాజేశాను. తను చేయని పనిని చేశానని నమ్మించాను. ఆ రోజు నుంచి పోలయ్యకి తన నోటి మీద నమ్మకం పోయింది. వలలు అల్లుకుంటూ కూర్చుని, మధ్యలో తలెత్తి "ఏమే, నానేటైనా అన్నానేటి?" అని దేవుడమ్మని అడిగేవాడు. వల లాగేటప్పుడు పాట అందరికన్నా ముందు తనే అందుకునేవాడు, ఆ పాట మానేశాడు. తాగుడు కూడా మానేశాడు. దానికి దేవుడమ్మ నన్ను దీవించింది. ఆ రోజు నువ్వు నిజం సెప్పబట్టే మనిషి దారిలో పడ్డాడు తమ్ముడా అని, పులుసులో ముక్కలు నాకే ఎక్కువ వేసింది. తిన్నాను. ఏం చేయను, తిన్నాను. చూశారా, నేను చేసిన పాపానికి మంచి ఫలితాలు కూడా ఉన్నాయి. ఒక ఊరికి దిమ్మ, ఒక ఇంటికి తాగని మగవాడు. వాటిని అడ్డం పెట్టుకుని ఎన్నో రాత్రులు నిద్రపోయాను. ఆ చాటున ఎంతకాలం దాక్కోగలను?

తరవాత ఆ ఊరికి వెళ్లడం తగ్గించాను. శేషగిరి గారు నన్ను ఏమీ అడగలేదు. ఒక్కసారి మాత్రం "పోలయ్య మంచి మనిషయ్యా" అని ఊరుకున్నారు. ఆయనకి తెలుసా? తెలిసి అడగలేదా? ఆయన పోయారు, మేడ పోయింది, ఉల్లిపాయల గోడౌను ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. పార్టీలో మిగిలినవాళ్లం ఎవరి దారి వాళ్లం చూసుకున్నాం. ఆ ఊళ్లో ఇప్పుడు చాటింపు లేదు. పోలయ్య తరవాత ఎవరూ డప్పు ముట్టలేదట. వేట లేదంటే ఫోనులో గ్రూపుకి మెసేజ్ వస్తుంది. చివర పేరు ఉండదు.

ఈమధ్య పోలయ్య పోయాడు. కబురు తెలిసి వెళ్లాను. సిమెంటు దిమ్మ కప్పు కిందే కూర్చోబెట్టారు జనాన్ని. ఒక మూల స్తంభం మీద దిమ్మ కట్టించిన పెద్దవాళ్ల పేర్లున్న పలక ఉంది. చేపల వాసన, ఇసక, అదే గాలి. ఒక్కసారి ఆ పాత రోజులన్నీ నా మీద పడ్డాయి. ఏడ్చాను. అందరూ స్నేహితుడి కోసం ఏడుస్తున్నాడనుకున్నారు. అదీ నిజమే, కొంత.

దేవుడమ్మ నన్ను పక్కకి పిలిచింది. ముసలిదైపోయింది. "తమ్ముడా, మనవలకి తాత పొటో ఉంది గానీ గొంతు నేదు. ఆ గొంతు ఎలాగుండేదో ఎంత సెప్పినా ఆలకి తెలవట్నేదు. మీ పార్టీ బండిలో పెట్టీవోరు కదా టేపులు, ఏదైనా ఉందేటి?" అంది.

ఉంది. ఈ లోకంలో ఒక్కటే ఉంది. అమ్మవారిని కత్తిరించగా మిగిలింది. పండగ పూర్తి టేపు ఎప్పుడో చెరిపేశాను, సాక్ష్యం ఉండకూడదని. ఇది మాత్రం చెరపలేకపోయాను. ఆవిడకి ఇది ఇస్తే మనవలు వింటారు. ఊళ్లో పాతవాళ్లు వింటారు. పండగ మాట లేని ఆ చాటింపు ఏ సాయంత్రానిదో వాళ్లకి ఇట్టే తెలుస్తుంది. అది నా దగ్గర ఎందుకుందో, ఆటోలో ఆ రోజు నిజంగా ఎవరున్నారో కూడా తెలుస్తుంది. ఇవ్వకపోతే పోలయ్య రెండోసారి పోతాడు.

"చూస్తాను అప్పా" అన్నాను. చూస్తాను! నాయకుల దగ్గర నేర్చుకున్న మాట.

ఇంటికొచ్చి, మా ఆవిడ లేని పూట, ఎక్కడో సంపాదించిన పాత టేప్ రికార్డరులో క్యాసెట్టు పెట్టాను. పనిచేస్తుందనుకోలేదు. చేసింది. "అహో..." అన్నాడు పోలయ్య. నా ఫ్లాటు గోడల మధ్య, మా ఎర్రటి సోఫా ఎదురుగా. "రేపు తెల్లారి" తరవాత చిన్న టక్‌మన్న చప్పుడు. నేను కోసిన చోటు. అన్నేళ్ల క్రితం ఒక ఊరు ఊరంతా దీన్ని వింది, ఆ టక్కు మాత్రం ఎవరికీ వినబడలేదు. నాకు మాత్రం ఇప్పుడు ఆ టక్కు తప్ప ఏమీ వినబడటం లేదు.

క్యాసెట్టు నా ముందు, ఈ కాగితాల పక్కన ఉంది. అటక మీద లేదు, అంతవరకు దిగింది. ఇస్తానా? తెలియదు. ఇస్తానని మీకు మాటిస్తే, ఆ మాటిచ్చినందుకే మనసు తేలికపడి ఇవ్వడం మానేస్తానని భయం. నా సంగతి నాకు తెలుసు. మీ దగ్గర క్షమాపణ అడగడం లేదు. అది ఇవ్వగలిగినవాడు తనే తప్పు చేశానని నమ్మి పోయాడు. కానీ ఈ మాట ఒకసారి, ఒక్కసారైనా నా నోటితో బయటికి రావాలి. అతను నేర్పిన పద్ధతిలోనే.

అహో... వినండహో... ఆ సాయంత్రం చాటింపు వేసింది పోలయ్య కాదహో. పోలయ్య పడవ పక్కన నిద్రపోతున్నాడహో. ఆటోలో అతను లేడహో. అతని గొంతు దొంగిలించి వేసింది నేనహో. అడిగితే అబద్ధం చెప్పింది నేనహో.

ముమ్మారు చదివాను, బయటికే. రెండోసారికి గొంతు నిలబడింది. గుండె మీంచి ఏదో కొంచెం జరిగినట్టే ఉంది, దిగలేదు గానీ జరిగింది.

చాటినవాడు చివర తన పేరు చెప్పుకోవాలి, అది నియమం. పోలయ్య ప్రతిసారీ చెప్పాడు. నేను ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయాను.